వాడిన హాబీ లేత్‌కు ధర కట్టడం: తరుగు లెక్క ఎక్కడ తప్పుతుంది

గాజువాక ఆటోనగర్‌లో ఓ వర్క్‌షాపు మూతపడినప్పుడు అందులోని ఆరడుగుల పాత లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసి మలిచే మిషను) ఒక్కోసారి తుక్కు ధరకు కాస్త అటూఇటూగా వెళ్లిపోతుంది. బరువు చూస్తే అర టన్ను పైమాటే. అదే విశాఖలో, ఎంవీపీ కాలనీ అపార్టుమెంటులో టేబుల్ మీద పెట్టుకుని వాడిన నలభై కిలోల చిన్న లేత్‌కు అంతకంటే ఎక్కువ అడుగుతారు, ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. పనితనంలో పెద్దదాని ముందు చిన్నది ఎందుకూ కొరగాదు. మరి ధర ఎందుకు తిరగబడింది? పెద్ద లేత్‌కు త్రీఫేజ్ కరెంటు, గట్టి కాంక్రీటు నేల, దింపడానికి క్రేన్ కావాలి. చిన్నదాన్ని ఇద్దరు మనుషులు లిఫ్టులో పైకి చేర్చేస్తారు, ఇంట్లో ప్లగ్గుకు పెడితే తిరుగుతుంది. వర్క్‌షాపులు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మిషన్ల వైపు మళ్లుతున్నకొద్దీ పెద్దవి బజారుకు వస్తూనే ఉంటాయి. చిన్నవి ఎప్పుడో గానీ రావు. అంటే ఇక్కడ ధరను నడిపేది మిషను సత్తా కాదు, దాన్ని పెట్టుకోగలిగినవాళ్లు ఎందరున్నారన్నదే.

ఇదంతా లోహం కోసే లేత్ గురించి. విశాఖ చుట్టుపక్కల లేత్ అనగానే ఏటికొప్పాక లక్కబొమ్మలు గుర్తొచ్చేవాళ్లూ ఉంటారు గానీ, చెక్క లేత్‌లో మిల్లీమీటరులో వందో వంతు పట్టింపు ఉండదు కాబట్టి దాని లెక్క వేరు.

అమ్మదలచినవాళ్లు మొదట పట్టుకునేది తరుగు లెక్క. ఇంతకు కొన్నాం, ఇన్నేళ్లయింది, ఏడాదికి ఇంత కొట్టేస్తే ఇంత మిగలాలి. ఇన్‌కం టాక్స్ లెక్కల్లో మామూలు యంత్రాలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగు తీస్తారు. ఆ ప్రకారం పదేళ్లకు అసలు ధరలో 20 శాతం కూడా మిగలదు. ఆడిటర్‌కు అది చాలు. కానీ పదేళ్లలో పట్టుమని పాతిక ఇత్తడి బుష్‌లు చేసిన లేత్‌కూ, రోజూ పోత ఇనుము కోసిన లేత్‌కూ ఈ లెక్కలో తేడా లేదు. పోత ఇనుప పొడి నూనెలో కలిస్తే అచ్చం సానబెట్టే పేస్టులా పనిచేసి బెడ్‌ను, అంటే మిగతా భాగాలు కూర్చునే, జరిగే పొడవాటి ఇనుప పీఠాన్ని, తినేస్తుంది. అదీగాక కొన్ననాటి ధరకు ఇప్పుడు విలువ లేదు. కొనేవాడు పోల్చుకునేది ఈ రోజు కొత్తది ఎంతకు వస్తుందన్నదానితోనే.

కాబట్టి లెక్క ఎదుటివాడి వైపు నుంచి మొదలుపెట్టాలి. పై హద్దు: అలాంటిదే కొత్తది అతని గుమ్మం దాకా రావడానికి అయ్యే ఖర్చు. కింది హద్దు: తుక్కుగా, లేదంటే విడిభాగాలుగా అమ్మితే వచ్చేది. ఈ రెండింటి మధ్య మిషను ఎక్కడ నిలుస్తుందో చెప్పేది ఒకే ప్రశ్న. ఇది కొని, సరిగ్గా కోసే స్థితికి తేవడానికి ఇంకెంత పెట్టాలి?

కింది హద్దు సంగతి ముందే తేల్చేయొచ్చు. తుక్కు కిలో 30 రూపాయలు అనుకుంటే (ఏ రోజు రేటు ఆ రోజుదే) 42 కిలోల చిన్న లేత్‌కు వచ్చేది 1,260 రూపాయలు. అంటే దానికి కింద నేల లేనట్టే. 600 కిలోలదానికి 18,000 వస్తుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నట్టు, పెద్ద లేత్ ఎంత పాడైనా ఆ నేల కింద పడదు. ఆ ధైర్యంతోనే కొందరు అరిగిన పెద్ద లేత్‌ను కళ్లు మూసుకుని కొంటారు. చిన్నదాన్ని అలా కొంటే చేతులు కాలుతాయి.

పై హద్దు దగ్గర ఓ చిక్కు ఉంది. కొత్త లేత్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఇంట్లో వాడుకునేవాడు అది జేబులోంచి కట్టాల్సిందే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వర్క్‌షాపు యజమాని అయితే కట్టిన పన్నును తన అమ్మకాల పన్నులో సర్దుకుంటాడు. పన్ను కాకుండా లక్ష అనుకుంటే, ఒకే కొత్త మిషను ఒకరికి 1,18,000, మరొకరికి లక్షే. వాడిన మిషనును మామూలు వ్యక్తి దగ్గర కొంటే ఇద్దరికీ పన్ను బిల్లు ఉండదు. అందుకే పాతది కొనేటప్పుడు వర్క్‌షాపువాడు లక్ష నుంచి కిందికి దిగుతాడు, ఇంటివాడు లక్షా పద్దెనిమిది వేల నుంచి.

అంకెలు వేసి చూస్తే స్పష్టంగా ఉంటుంది. ఇవి ఉదాహరణ కోసం అనుకున్నవే, బజారు ధరలు కావు. చైనా తయారీ 7×14 సైజు మినీ లేత్ తీసుకుందాం, అంటే సుమారు 180 మిల్లీమీటర్ల వ్యాసం, 350 మిల్లీమీటర్ల పొడవు పట్టేది. కొత్తది పన్నుతో 1,18,000. వారంటీ లేదు, లోపల ఏముందో తెలియదు, నచ్చకపోతే తిరిగిచ్చే దారి లేదు. వీటికి పాతిక శాతం పోతే 88,500. మోటారు స్పీడు కంట్రోలు బోర్డుకు 9,000, పళ్లు ఊడిన నైలాన్ గేర్లకు 2,000, క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే భాగం) నట్టుకు 1,000, చక్ (ముక్కను పట్టుకునే దవడల బిగింపు) విప్పి దవడలు సరిచేయించడానికి 2,500. మొత్తం 14,500 తీసేస్తే 74,000. దానితోపాటు వచ్చే త్వరగా మార్చుకునే టూల్ పోస్టు, నాలుగు దవడల డాగ్ చక్, ఫేస్ ప్లేటు, స్టెడీ రెస్టు అనే అదనపు పరికరాలు కొత్తగా కొంటే 20,000 అవుతాయి. సగం విలువ కడితే మరో 10,000. అంటే ఇంటివాడి లెక్క 84,000 దగ్గర ఆగుతుంది.

వర్క్‌షాపువాడి లెక్క లక్షతో మొదలై, పాతిక శాతం పోగా 75,000కు, మరమ్మతులు పోగా 60,500కు చేరుతుంది. టూల్స్ అతని దగ్గర ఇప్పటికే ఉన్నాయి, వాటికి మహా అయితే రెండు మూడు వేలు కలుపుతాడు. ఒకే మిషను, ఒకే రోజు, ఇద్దరి మధ్య ఇరవై వేల పైన తేడా. వర్క్‌షాపువాడు తక్కువ అడిగాడని అమ్మేవాళ్లు నొచ్చుకుంటారు గానీ, అతను మోసం చేయడం లేదు. అతని అవసరం వేరు. ఈ సైజు మిషను కావాల్సింది మోడల్ పడవలు, చిన్న స్టీమ్ ఇంజన్లు, టెలిస్కోపు భాగాలు చేసుకునేవాళ్లకు. రిటైరయ్యాక చేతులు ఖాళీగా ఉంచలేని షిప్‌యార్డు, డాక్‌యార్డు, స్టీల్ ప్లాంటు పనివాళ్లు కూడా ఇంట్లో ఇలాంటివే పెట్టుకోగలరు. అడగాల్సింది వాళ్లనే.

ఆ ఉదాహరణలోని కంట్రోలు బోర్డు దగ్గర కాసేపు ఆగాలి. తొమ్మిది వేల బోర్డు పాడైతే ధర తొమ్మిది వేలే తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గేది అంతకు రెండు మూడింతలు. మిషను తిరగకపోతే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) బేరింగు చప్పుడు వినలేం, కోసి చూడలేం, గేర్లు ఎలా ఉన్నాయో తెలియదు. తెలియని ప్రతిదానికీ కొనేవాడు పాడైందనే లెక్క వేసుకుంటాడు. అందుకే అమ్మేముందు డబ్బు పెట్టదగ్గ మరమ్మతు ఏదైనా ఉందంటే అది మిషనును తిరిగేలా చేయడమే. రంగు వేయించడం మాత్రం శుద్ధ దండగ. తాజా పెయింటు చూడగానే అనుభవమున్నవాడి చెయ్యి వెనక్కి పోతుంది, కింద ఏం దాచారోనని.

బెడ్ ఒక్కటే దొరకనిది

లేత్‌లో దాదాపు అన్నీ మార్చుకోవచ్చు. మోటారు, బెల్టు, నట్లు, చక్, గేర్లు, బేరింగులు అన్నీ. మార్చలేనిది బెడ్. సానబట్టించడానికి అయ్యే ఖర్చు చిన్న లేత్‌కు గిట్టుబాటు కాదు. అందువల్ల పరీక్షలో సగం సమయం బెడ్‌కే పోవాలి.

చిన్న లేత్ మీద చేసే పనిలో ఎక్కువ భాగం చక్‌కు జానెడు దూరంలోనే జరుగుతుంది. కాబట్టి అరుగుదల కూడా అక్కడే. కొలత పరికరమేదీ లేకుండా దాన్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది. కారేజ్‌ను (బెడ్ మీద టూల్‌ను మోస్తూ జరిగే భాగాన్ని) చక్ దగ్గరికి తెచ్చి, ఊగులాట లేకుండా, కానీ చేత్తో నడిచేలా గిబ్‌లను (వదులు తీసే సర్దుబాటు పట్టీలను), కింది పట్టీలను బిగించాలి. తర్వాత హ్యాండిల్ తిప్పుతూ మెల్లగా టెయిల్ స్టాక్ (అవతలి చివర ముక్కకు ఆధారంగా నిలిచే భాగం) వైపు తీసుకెళ్లాలి. చివరి దాకా ఒకే బిగువుతో నడిస్తే బెడ్ బాగున్నట్టు. మధ్యలోనే బిగుసుకుని ఆగిపోతే, చక్ దగ్గర అరిగిపోయింది, అవతలి చివర కొత్తగానే ఉందని అర్థం. అమ్మేవాళ్లు ఈ ఇబ్బంది రాకుండా గిబ్‌లు వదులుగా పెడతారు. అలా ఉంటే బిగించి చూపమని అడగడంలో తప్పేమీ లేదు.

రెండోది కోత పరీక్ష. పాతిక మిల్లీమీటర్ల రాడ్డును టెయిల్ స్టాక్ ఆధారం లేకుండా చక్‌లో నుంచి 100 మిల్లీమీటర్లు బయటికి పెట్టి, పలచగా రెండు మూడు కోతలు కోసి, రెండు చివర్లా మైక్రోమీటరుతో కొలవాలి. తేడా 0.02 మిల్లీమీటర్ల లోపు ఉంటే హాబీ లేత్‌కు చాలా మంచి మాట. 0.1 వచ్చినా అప్పుడే బెడ్ పోయిందనుకోనక్కర్లేదు. టేబుల్ ఎత్తుపల్లాలకు బెడ్ మెలితిరిగి ఉండొచ్చు, హెడ్‌స్టాక్ (స్పిండిల్‌ను మోసే పెట్టె) బోల్టులు కాస్త జరిగి ఉండొచ్చు. రెండూ ఖర్చు లేకుండా సరయ్యేవే. ఇలాంటి లోపం మీద ధర బాగా తగ్గించి, ఇంటికెళ్లి ఓ సాయంత్రంలో సరిచేసుకునేవాడే తెలివైన కొనుగోలుదారు. అమ్మేవాడు ముందే సరిచేసి పెట్టుకుంటే ఆ లాభం తనకే మిగులుతుంది.

చక్ అడ్డంగా తిరుగుతోందని కంగారుపడేవాళ్లు ఎక్కువ. మూడు దవడల ట్రూ చక్ 0.1 మిల్లీమీటరు దాకా ఊగినా దాన్ని బట్టి మిషనును తీసిపారేయకూడదు. డయల్ గేజ్ (సన్నటి ఊగులాటను కొలిచే పరికరం) ముల్లును పెట్టాల్సింది చక్ మీద కాదు, చక్ తీసేశాక స్పిండిల్ లోపలి టేపర్‌లో (లోపలికి సన్నబడే రంధ్రంలో). అక్కడ ముల్లు కదలకుండా ఉన్నట్టే ఉండాలి. అక్కడ ఊగితే అది స్పిండిల్ లేదా బేరింగుల జబ్బు, అది ఖరీదైనది. అలాగే క్రాస్ స్లైడ్ హ్యాండిల్ అర చుట్టు తిరిగాక గానీ స్లైడ్ కదలకపోతే చూసేవాడికి భయం వేస్తుంది. నిజానికి ఇది నట్టుతోనో, స్క్రూ సర్దుబాటుతోనో పోయే లోపం. చూపుకు భయంకరంగా కనిపించేవి చవకగా పోవడం, కనిపించనివి ఖరీదుగా తేలడం పాత లేత్‌లలో మామూలే.

ఈ పరీక్షలు చేతకానివాళ్లకు విశాఖలో ఒక సౌకర్యం ఉంది. కంచరపాలెం ఐటీఐలో టర్నర్ కోర్సు చదివి, యార్డుల్లో జీవితమంతా లేత్ ముందు నిలబడ్డ మనుషులు ఈ ఊళ్లో వీధికొకరు ఉంటారు. కోత పెట్టినప్పుడు వచ్చే చప్పుడు విని చెప్పగలరు. వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్తే ఖర్చయ్యేది ఆటో చార్జీ, టీ, కాస్త మర్యాద.

ఉప్పుగాలి, తుప్పు

సముద్రానికి దగ్గరున్న ఊళ్లో రంగు లేని ఇనుము ఏదీ ఊరుకోదు. లాసన్స్ బే వైపు బాల్కనీలో పెట్టిన లేత్‌కూ, మర్రిపాలెం వైపు మూసిన గదిలో ఉన్నదానికీ వయసు ఒకటే అయినా ఒళ్లు ఒకటి కాదు. గోధుమరంగు మరకలా పైపైన ఉన్న తుప్పు కిరోసిన్‌తో, గరుకు పీచుతో రుద్దితే పోతుంది. గోరు తగిలించి చూసినప్పుడు గుంటలు తెలిస్తే అది పోయేది కాదు. అయితే ఇక్కడా ఓ తిరకాసు ఉంది. బెడ్ మీద అక్కడక్కడా చుక్కల్లా పడ్డ గుంటల వల్ల కోతలో పెద్ద తేడా రాదు, చుట్టూ ఉన్న లోహమే కారేజ్‌ను మోస్తుంది. ధర మాత్రం వాటికే ఎక్కువ పడిపోతుంది, ఎందుకంటే అవి కంటికి కనిపిస్తాయి. అసలు చూడాల్సిన తుప్పు లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు కారేజ్‌ను నడిపే పొడవాటి స్క్రూ) మరల్లో, చక్ లోపలి స్క్రోల్‌లో (దవడలను జరిపే చుట్టల పళ్లెంలో), టెయిల్ స్టాక్ బారెల్ మీద, ఎప్పుడూ కదలని టెయిల్ స్టాక్ కింద ఉంటుంది. టెయిల్ స్టాక్‌ను పక్కకు జరిపి కింద చూడటం అయిదు సెకన్ల పని, చాలామంది చేయరు.

2014కు ముందునుంచీ ఈ ఊళ్లో ఉన్న మిషను అయితే ఇంకో ప్రశ్న అడగాలి. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అది ఎక్కడుంది? రేకుల షెడ్డులో ఉండి నీళ్లు తాగి ఉంటే, పైన తుడిచి నూనె పూసినా బేరింగుల్లో, మోటారు చుట్టల్లో ఆ తడి తన పని చేసి ఉంటుంది.

కరెంటు, కొలతలు, పేరు

మూడు విషయాలు ధరను అనుకోకుండా పడేస్తాయి. మొదటిది కరెంటు. అమెరికాలో ఉన్న బంధువు పంపిన లేత్ 110 వోల్టులది అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు, దాన్ని పెట్టే చోటు లెక్కలోకి వస్తాయి. ఓడల ఇంజన్ రూము వర్క్‌షాపుల్లో వాడినవి గుజరాత్‌లోని అలంగ్‌లో ఓడలు విరిచాక బయటికి వస్తాయి. ఓడల్లో సాధారణంగా 440 వోల్టులు, 60 సైకిళ్ల కరెంటు. దాన్ని మన 50 సైకిళ్ల మీద నేరుగా తిప్పితే వేగం ఆరో వంతు తగ్గుతుంది. త్రీఫేజ్ మోటారును ఇంటి కరెంటు మీద వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారును నడిపే పరికరం) సాయంతో నడపొచ్చు గానీ, 415 వోల్టులకు కట్టిన మోటారును 230 వోల్టుల వీఎఫ్‌డీకి కలపాలంటే మోటారు లోపలి తీగచుట్టలను కలిపే పద్ధతిని డెల్టాకు మార్చే వీలుండాలి. ఆ వీలు లేకపోతే మోటారే మార్చాలి.

రెండోది అంగుళాల కొలత. పాత బ్రిటిష్ లేత్‌లలో లీడ్ స్క్రూ అంగుళానికి ఎనిమిది మరలు లాంటి లెక్కలో ఉంటుంది. దానిమీద మిల్లీమీటర్ల మరలు కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి, అంగుళం 25.4 మిల్లీమీటర్లు, దానికి అయిదు రెట్లు 127 కాబట్టి. ఆ గేరు, మిగతా చేంజ్ గేర్ల (మరల మధ్య దూరం మార్చే గేర్ల) సెట్టు ఉన్నాయా లేదా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అవి లేని మిషను మరలు కోసేవాడి దృష్టిలో సగం మిషనే.

మూడోది పేరు. నాటింగ్‌హామ్ దగ్గర బీస్టన్‌లో తయారైన మైఫోర్డ్ ఎంఎల్7 లాంటివాటిని బ్రిటన్ హాబీవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటారు. ఆ ఫ్యాక్టరీ 2011లో మూతపడింది, పేరు మరో కంపెనీ చేతికి వెళ్లింది, విడిభాగాలు ఇంకా వస్తున్నాయి. అలాంటిది ఇక్కడ చేతికి దొరికితే తుక్కుగా కట్టడం అమాయకత్వం. అలాగని బ్రిటన్ ధరను రూపాయల్లోకి మార్చి అడగడమూ అత్యాశే. పేరు తెలిసిన కొనుగోలుదారు విశాఖలో ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు. మిగతావాళ్లకు అది పాత పచ్చరంగు మిషను.

ఇంటర్నెట్‌లో కనిపించే ధరలను చూసి ధర కట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ఉన్నవి అడిగిన ధరలు, అమ్ముడైన ధరలు కావు. సరైన ధర పెట్టినవి వారంలో మాయమవుతాయి, ఆరు నెలలుగా కనిపిస్తున్నవి ఎక్కువ అడిగినవే. మిగిలిపోయినవాటి సగటు తీస్తే ఎవరూ కొనని ధర తేలుతుంది. కోయంబత్తూరు, రాజ్‌కోట్, పుణె లాంటి చోట్ల అడిగేదాన్ని ప్రమాణంగా పట్టుకుంటే, అక్కణ్నుంచి విశాఖకు లారీ ఖర్చు, ప్యాకింగు, చూడకుండా కొనే రిస్కు దానికి కలపొచ్చు. ఊళ్లోనే కోసి చూపించగలిగే అమ్మకందారు కొంచెం ఎక్కువ అడగడం న్యాయమే.

టూల్స్ విడిగా అమ్మితే ఎక్కువ వస్తుందా అన్నది తరచూ వచ్చే ఆలోచన. వస్తుంది, మైక్రోమీటర్లు, కార్బైడ్ టూల్స్, కొల్లెట్లు లాంటి ఏ లేత్‌కైనా పనికొచ్చేవాటికి. కానీ చక్‌లు, ఫేస్ ప్లేటు, చేంజ్ గేర్లు ఆ మిషనుతోనే వెళ్లాలి. విడదీస్తే రెండూ దెబ్బతింటాయి.

చివరిగా కాగితాలు. ఈ ఊళ్లో పెద్ద సంస్థల పాత సామాను వేలంలో బయటికి వస్తుంది, ఉన్నది ఉన్నట్టు అనే షరతు మీద. మిషను మీద సంస్థ ఆస్తి నంబరు పలక ఉంటే వేలం డెలివరీ కాగితం నకలు లేకుండా కొనకూడదు. ఎంత చవకగా వచ్చినా, ఎక్కడిదని పోలీసులు అడిగితే జవాబు చెప్పాల్సింది కొన్నవాడే. అమ్మేవైపు నుంచి చూసినా ఆ కాగితం ఉండటం ధరలో భాగమే. చేత్తో రాసినదే అయినా తేదీ, మిషను నంబరు, ఇద్దరి సంతకాలతో రసీదు ఇస్తే బేరం త్వరగా తెగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు మొదలయ్యేలోపు తెగితే మరీ మంచిది, ప్లాస్టిక్ పట్టా కప్పి ఇంకో వానాకాలం గడిపిన లేత్ ధర మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వస్తుంది.